రాగులు పరిచిన రోడ్డు

డ్రైవరు లేని బండి చింతామణి బస్టాండు దాటిందా, లేక పూలబుట్టల మధ్య ఇరుక్కుపోయిందా అని పోయిన వారం కథ ఆగినప్పటి నుంచి దిగులుపడుతున్న పాఠకులకు ముందు ఆ సంగతి చెప్పేయాలి. దాటింది. అడ్డం వచ్చిన ఆవును చూసి ఆగింది, ఆవు తీరిగ్గా పక్కకు పోయేదాకా ఓపిక పట్టింది, మళ్ళీ కదిలింది. బస్టాండులో జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు బండికో ఆవుకో ఎవరూ తేల్చి చెప్పలేదు.

ముందు వరసలో కూర్చున్న శశికళ మాత్రం చప్పట్లు కొట్టలేదు. చింతామణి మార్కెట్లో పాతికేళ్ళుగా టమాటా మండి నడుపుతున్న మనిషి ఆమె. లారీ ఊరి పొలిమేర దాటి అవతలి మండిలో దించుకునేదాకా సరుకు పోయినట్టు కాదు ఆమె లెక్కలో. మండితో పాటు కెంచార్లహళ్ళి దారిలో రెండు వ్యాన్లు తిప్పుతోంది. బెంగళూరు కంపెనీ ఒకటి తనంతట తానే నడిచే ఈ పన్నెండు సీట్ల బండిని తెచ్చి, ఈ రోజు పరీక్ష నెగ్గితే ఈ దారి నీది, ఆ తర్వాత బాగేపల్లి దారీ చిక్కబళ్ళాపురం దారీ నీవే అంది. ఓడితే ఆ మూడు దారులూ చిక్కబళ్ళాపురంలో కాచుకుని కూర్చున్న గిరీశ్ ట్రావెల్స్‌కు పోతాయి. గిరీశ్ బండి ఒక్కసారి ఈ రోడ్డెక్కితే శశికళ వ్యాన్లు షెడ్డులో తుప్పు పట్టాల్సిందే.

షరతులు రెండే. ఎనిమిదిన్నరకు బయలుదేరిన బండి తొమ్మిదిన్నరలోగా కెంచార్లహళ్ళి చేరాలి. దారిలో మనిషి చెయ్యి స్టీరింగును తాకకూడదు.

ఆ స్టీరింగు ముందే మునిశామప్ప కూర్చున్నాడు. ఇరవైరెండేళ్ళుగా శశికళ దగ్గర డ్రైవరు. ఈ రోజు ఆయన పని ఏ పనీ చేయకపోవడం. ప్రాణాపాయం వస్తే తప్ప చేతులు ఒళ్ళోంచి తీయకూడదు. ఆయన కళ్ళముందు చక్రం దానంతటది ఎడమకూ కుడికీ తిరుగుతోంది. తన కంచంలో ఎవరో అన్నం తింటుంటే చూస్తున్న మనిషిలా ఉంది ఆయన ముఖం.

“మునిశామప్పా, నీకేమప్పా, పెండ్లికొడుకు మాదిరి కూచుండావు!” అంది వెనక వరసలోంచి యశోదమ్మ. రోజూ ఈ దారిలోనే చింతామణికి పూలు తెచ్చి అమ్ముకుని ఇంటికి పోయే అరవైఐదేళ్ళ మనిషి.

“కూచోడం గూడా పనే యశోదమ్మా. రొవ్వంత సేపుకే నడుము పట్టుకుండాది.”

“బండి నిన్ను జూసి నేర్చుకుందంట కదప్పా. మరి బీడీ తాగేకి యాడా నిలపలేదే?”

బండంతా నవ్వింది. మునిశామప్ప కూడా నవ్వాడు గాని, ఆ నవ్వు పెదాలు దాటలేదు.

యశోదమ్మ పక్కన ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని ఉన్నది మేఘ, కంపెనీ ఇంజనీరు. చిక్కబళ్ళాపురం పిల్లే. తాత గుడి అర్చకుడు. తాత మంత్రాలు వల్లించినంత శ్రద్ధగా ఈ పిల్ల బండికి దారి నేర్పింది. అందరికన్నా వెనక, గడియారం చేతిలో పెట్టుకుని, నవ్వీ నవ్వకుండా కూర్చున్నది రంగనాథ. కంపెనీ తరఫున పరీక్ష చూసే పెద్దమనిషి. ఆయన రాసిందే ఫలితం.

దారి సగం గడిచింది. గడియారం తొమ్మిది కొట్టడానికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి. బండి ముందే చేరేట్టుంది. శశికళ మనసులో తక్కెడ మెల్లగా లాభం వైపు మొగ్గుతోంది. సరిగ్గా అప్పుడు ఒక మలుపు తిరిగి బండి మెత్తగా ఆగిపోయింది.

“ముందె అడెతడె ఇదె. దయవిట్టు దారి బిడి,” అంది బండి కన్నడంలో, ఆడగొంతుతో, బహు మర్యాదగా. ముందు అడ్డముంది, దయచేసి దారి వదలండి అని దాని అర్థం.

ఎదురుగా నూరడుగుల పొడవున, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, తారు కనపడకుండా రాగి కంకులు గడ్డితో సహా పరిచి ఉన్నాయి. మోకాటి ఎత్తుకు కొంచెం తక్కువ. వాటి పక్కన కొన వంగిన కర్ర పట్టుకుని లక్ష్మణప్ప నిలబడి ఉన్నాడు. బండిని చూడగానే పెళ్ళివారికి ఎదురొచ్చినట్టు చెయ్యి ఊపాడు.

“రాప్పా, రా! తొక్కుకోని రా!”

బండి రాలేదు.

“యాల నిలిపితివి? రా అంటాంటే!”

“ముందె అడెతడె ఇదె,” అంది బండి మళ్ళీ.

ఆ చుట్టుపక్కల ఇది వింతేమీ కాదు. రాగి కోత అయ్యిందంటే తారు రోడ్డే కళ్ళం. కంకులు రోడ్డు మీద పరిస్తే బస్సులూ లారీలూ పొద్దంతా వాటి మీదుగా పోతాయి, గింజ రాలుతుంది. సాయంత్రం గడ్డి దులిపి పక్కన వేసి, గింజ ఊడ్చుకుని తూర్పార పట్టుకుంటారు. రైతుకు నూర్పిడి కూలి మిగులుతుంది, డ్రైవరుకు పోయేదేమీ లేదు. ఏ డ్రైవరూ హారను కొట్టడు, ఏ రైతూ క్షమించమనడు. తాతల కాలం నాటి ఎడ్లు పోయి వాటి జాగాలో బస్సులు వచ్చాయి, అంతే.

అందరికీ తెలిసిన సంగతి. అందుకే మేఘకు ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల బండికి దారి నేర్పింది చైత్ర వైశాఖాల్లో. అప్పుడు ఆ రోడ్డు తుడిచిన పలకలా ఉంటుంది. గుంతలు నేర్పింది, మేకలు నేర్పింది, రోడ్డు మధ్యలో నిలబడి మాట్లాడుకునే మనుషులనూ నేర్పింది. రాగులు నేర్పలేదు. సరుకు ఎప్పుడు మగ్గుతుందో, ఎప్పుడు కుళ్ళుతుందో తేదీలతో సహా చెప్పగల శశికళకు కూడా, కోతల నెలలో రోడ్డు రోడ్డుగా ఉండదని ఒక్క మాట చెప్పాలని తట్టలేదు.

“చిన్నప్పుడు బస్సులో పోతాంటే చక్రాల కింద మెత్తగా తగిలేది ఇదేనా!” అని మేఘ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. “నిద్రలో బలే హాయిగా ఉండేది. నేనెప్పుడూ లేచి కిటికీలోంచి చూడనే లేదక్కా.”

“ఇప్పుడు చూసినావు కదా. తొక్కమని చెప్పు దానికి,” అంది శశికళ.

“చెప్పేకి లేదక్కా. గడ్డి కింద ఏముందో దానికి కనబడదు. కనబడనిదాని మీదికి అది పోదు.”

శశికళ దిగింది. వెనకే జనం దిగారు. రంగనాథ కూడా దిగి, బండికి ఆనుకుని గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. మునిశామప్ప ఒక్కడే కూర్చున్నచోటు నుంచి కదలలేదు.

“లక్ష్మణప్పా, రవ్వంత పక్కకు తీయప్పా. అర్జెంటు పని.”

“పక్కకు తీసేదేందమ్మా? నీ బండి తొక్కకుంటే నా రాగులెట్ల రాలేది? చక్రాలుండాయి కదా దానికి?”

“ఉండాయప్పా. బుద్ధి ఎక్కువుండాది, అదే చిక్కు. గడ్డి కింద ఏమన్నా ఉంటుందేమోనని భయపడతాండాది.”

“గడ్డి కింద ఏముంటాదమ్మా, రాగులు గాక!” అన్నాడు లక్ష్మణప్ప. అని, ఏదో గుర్తొచ్చి తల గోక్కున్నాడు. “అంటే... పోయినేడు మా కోడి ఒగటి గడ్డిలో దూరి గుడ్ల మీద పొదిగి కూచునుండె. మునిశామప్పే చూసి బ్రేకు తొక్కినాడులే.”

“చూస్తివా! కోడికొక న్యాయం, మాకొక న్యాయమా?” అంది యశోదమ్మ.

“కోడిని చూసినోడు డ్రైవరు. ఇదెవరు? సీట్లో మనిషిని పెట్టుకోని మనిషి లేనట్లు పోతాండాది. పిలిస్తే పలకదు. తొక్కమంటే కన్నడంలో దండం పెడతాది!”

రంగనాథ గడియారం చూశాడు. తొమ్మిదీ మూడు.

శశికళ లెక్క కట్టింది. లక్ష్మణప్పను గదమాయిస్తే లాభం లేదు. ఈ రోడ్డు మీద ఆయన హక్కు ఏ కాగితంలోనూ లేదు కాబట్టే ఎవరూ దాన్ని కొట్టేయలేరు. బతిమాలితే ఇంకా బిగుస్తాడు. ఆయనకు కావలసింది చక్రాలు. తనకు కావలసింది సగం రోడ్డు. ఇద్దరి చేతుల్లోనూ ఎదుటివాడికి కావలసిన సరుకు ఉన్నప్పుడు బేరం కుదరకపోతే, ఆ తప్పు బేరగాళ్ళదే.

“లక్ష్మణప్పా, కుడిపక్క సగం తీసి ఎడమపక్క వెయ్యి. నా బండి ఖాళీ సగంలో పోతాది.”

“పోతే నాకేమొచ్చె?”

“ఈ పొద్దు మధ్యాన్నం నా పాత వ్యాన్లు రెండూ వస్తాయి. ఒక్కొకటి పదిసార్లు ఇటూ అటూ నీ రాగుల మీదే తిరుగుతాయి. బస్సు ఎప్పుడొస్తుందా అని నువ్వు ఎదురుచూసే పని లేదు.”

లక్ష్మణప్ప కర్ర భుజాన వేసుకుని ఆలోచించాడు. “ఖాళీ వ్యాన్లా? బరువు లేకుంటే గింజ రాలదు.”

“టమాటా క్రేట్లు నింపి పంపుతా.”

“పదైదు సార్లు.”

“పన్నెండు. గడ్డి దులిపేకి ఇద్దరు హమాలీలు గూడా.”

“తోలేదెవరు? ఇట్లాంటి మాటకారి బండి నాకొద్దు.”

“మునిశామప్పే తోలతాడు.”

“అట్లయితే సరే!” అని లక్ష్మణప్ప కర్ర కిందికి దించాడు.

ఆ తర్వాత జరిగింది చూడాల్సిందే. యశోదమ్మ చీరకొంగు నడుముకు చుట్టి మొదటి మోపు ఎత్తింది. ఆమెను చూసి మిగతా ప్రయాణికులూ చెయ్యి వేశారు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మేష్టరు ఒకాయన ప్యాంటు మడిచాడు. కంపెనీ మనిషి చెయ్యి పడితే షరతు తప్పుతుందేమోనని మేఘ దూరంగా నిలబడి, “అక్కా, ఏడడుగులు చాలు, ఇంకో అర అడుగు!” అని అరుస్తూనే ఉంది. రాగి నూగు పడి అందరూ తుమ్మారు. తొమ్మిదీ పదిహేడుకు కుడిపక్క నల్లటి తారు బయటపడింది.

శశికళ చేతులు దులుపుకుంటుంటే లక్ష్మణప్ప దగ్గరికొచ్చి సంతోషంగా అన్నాడు. “ఏమనుకోవద్దమ్మా. నేనింత మందంగా ఎప్పుడూ పరచను. మునిశామప్పే నిన్న చెప్పినాడు, రేపు పొద్దున పరుచు, మందంగా పరుచు అని.”

యశోదమ్మ చేతిలోని గడ్డి జారిపోయింది. ఆ మాట ఆమె విన్నది, శశికళ విన్నది. దూరాన గడియారం చూసుకుంటున్న రంగనాథ వినలేదు.

“మధ్యాన్నం వ్యాన్లు వచ్చేది నిజమా కాదా, నేనూ నీ వెంట వస్తా,” అని కర్రను రోడ్డు పక్కనున్న భార్యకు అప్పజెప్పి లక్ష్మణప్ప కూడా బండెక్కాడు. ఎక్కి, సీటు మెత్తగా ఉందని మూడుసార్లు లేచి కూర్చున్నాడు.

బండి కదిలింది. ఖాళీ అయిన సగంలో, ఒక్క కంకి కూడా తొక్కకుండా, పక్కగా జారుకుంటూ దాటింది. వెనక సీట్లలో ఈలలు వేశారు. ఆ సందడిలో శశికళ ముందుకు జరిగి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది.

“మునిశామప్పా.”

“ఆఁ, అమ్మా.”

“లక్ష్మణప్ప చెప్పేది నిజమా?”

“ఏటేటా చెప్తానమ్మా. యా పొద్దు బండ్లు ఎక్కువ తిరుగుతాయో మాకే కదా తెలిసేది. వాళ్ళు అడగతారు, మేము చెప్తాము.”

“మందంగా పరచమని గూడా ఏటేటా చెప్తావా?”

ఆయన ఒళ్ళోని చేతుల్ని చూసుకున్నాడు. స్టీరింగు దానంతటది ఒక మలుపు తిరిగింది.

“లేదు,” అన్నాడు చివరకు. “ఈసారే చెప్పినా.”

ఇరవైరెండేళ్ళలో ఆయన ఒక్క క్రేటు బోల్తా కొట్టించలేదు. ఒక్క ప్రయాణికుణ్ణి దారిలో దించలేదు. అంత నమ్మకం పోగెయ్యడానికి అన్నేళ్ళు పట్టింది. అది ఒక్క మాటతో చేజారింది. శశికళకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కాని ఆ కోపం కన్నా ముందు ఒక ప్రశ్న వచ్చింది.

“ఎందుకప్పా?”

“నిలిచిపోతాది అనుకుంటి. నిలిచిపోతే నువ్వంటావని. ‘మునిశామప్పా, ఇంగ నువ్వే తోలు’ అని. అంతమంది ముందర ఆ ఒక్క మాట వినాలనిపిచ్చె.”

“నేనా మాట అనుంటే పరీక్ష పోయుండు. మూడు దార్లూ గిరీశ్ చేతిలో పడుండు. నీ బండీ పోయుండు, నా బండీ పోయుండు.”

“అంత దూరం లెక్కెయ్యలేదమ్మా. లెక్క నీ పని. నాది రోడ్డు పని.”

“నా లెక్కలో నువ్వు లేవనుకుంటివా?”

“ఉంటే చెప్పుండవా?” అన్నాడు మునిశామప్ప. గొంతు పెంచలేదు. “మూడు నెల్లుగా చూస్తాండా. బండి యాడ నిలపాల, ఛార్జింగు యాడ పెట్టాల, నీళ్ళతో యాడ కడగాల, అన్నిటికీ జాగా చూసినావు. మునిశామప్ప యాడ కూచుంటాడని ఒగ మాట నాతో అనలేదు.”

శశికళ లెక్కలో ఆయన ఉన్నాడు. మూడు దారులూ చేతికొస్తే వాటి మీద తిరిగే బండ్లన్నిటికీ పెద్ద ఆయనే అని ఎప్పుడో అనుకుంది. కాని అనుకున్నది మనసులోనే ఉంచుకుంది. బేరం కుదిరేదాకా నోరు విప్పకపోవడం మండిలో ఆమెకు లాభాలు తెచ్చిపెట్టిన అలవాటు. అదే అలవాటు సొంత మనిషి దగ్గర నష్టం తెచ్చింది.

మునిశామప్ప ఉన్నట్టుండి మెడ తిప్పి వెనక్కి కేకేశాడు. “పాపా! ముందర చింతచెట్టు దాటినాక ఇంగో కళ్ళముండాది. ఉలవలు. ఎడమపక్కే పరిచుంటారు. దానికి చెప్పు.”

మేఘ గబగబా కంప్యూటరు మీద ఏదో కొట్టింది. బండి చింతచెట్టు దాటి, వేగం తగ్గించుకుని, ఉలవలను ఎడమకు వదిలి కుడిగా సాగిపోయింది. ఈసారి ఆగలేదు.

“ఇంకా యాడ యాడ ఏమేముంటాయి మునిశామప్పా?” అని అడిగింది మేఘ, వేళ్ళు మీటల మీదే పెట్టుకుని.

“అన్నీ ఇప్పుడే అడిగితే ఎట్ల పాపా? సంవత్సరమంతా ఉండాది చెప్పేకి.”

చెప్పాక తనకు ఇంకా సంవత్సరం ఉందో లేదో గుర్తొచ్చినట్టు, ఆయన మళ్ళీ ముందుకు తిరిగాడు.

కెంచార్లహళ్ళిలో బండి ఆగేసరికి తొమ్మిదీ నలభైఒకటి. పదకొండు నిమిషాలు ఆలస్యం. జనం దిగి చుట్టూ మూగారు. రంగనాథ బండి ముందు నిలబడి కాగితం తీశాడు.

“స్టీరింగును ఎవరూ తాకలేదు. అది సరే,” అన్నాడు. “సమయం దాటింది. కాని ఇక్కడ ఒక నిబంధన ఉంది. రోడ్డు మీద మామూలుగా వచ్చే అడ్డమైతే ఆలస్యం బండి ఖాతాలోనే. ఎవరైనా బండిని ఆపాలని కావాలని పెట్టించిన అడ్డమైతే, ఆగిన ఇరవైమూడు నిమిషాలూ తీసేస్తాం. అప్పుడు మీరు నెగ్గినట్టే. పెట్టించిన వాళ్ళ మీద కంపెనీ కేసు పెడుతుంది, అది వేరే సంగతి. చెప్పండి శశికళగారూ. ఆ రాగులు మామూలుగా పరిచినవా? ఎవరన్నా చెబితే పరిచినవా?”

ఎదుట తక్కెడ పెట్టి రెండు తట్టలూ నింపి చూపించినట్టుంది. ఒక తట్టలో మూడు దారులు. ఇంకో తట్టలో, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని బండిలోనే కూర్చుండిపోయిన యాభైఆరేళ్ళ మనిషి. నిజం చెబితే దారులొస్తాయి. అబద్ధం చెబితే మనిషి మిగులుతాడు.

“ఎవరూ చెప్పింది కాదు సార్,” అంది శశికళ. “ఈ నెలలో ఈ రోడ్డు మీద మామూలే. ముందుగా మీకు చెప్పకపోవడం నా పొరపాటు.”

“అమ్మా...” అంటూ మునిశామప్ప తలుపు తీశాడు.

“నువ్వు ఊరకుండప్పా.”

“కాదు సామీ, మునిశా...” అని లక్ష్మణప్ప ఉత్సాహంగా మొదలుపెట్టాడు. యశోదమ్మ ఆయన కాలు బలంగా తొక్కింది. “అబ్బా! ఏమీ లేదు సామీ. మామూలే. నా రాగులు, నా ఇష్టం!” అని కాలు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

రంగనాథ కలం కాగితం మీద పెట్టి, రాయకుండా ఆగాడు. కూలబడ్డ లక్ష్మణప్పను చూశాడు. ఎటో చూస్తున్న యశోదమ్మను చూశాడు. తలుపు దగ్గర నీళ్ళు నిండిన కళ్ళతో నిలబడ్డ మునిశామప్పను చూశాడు. కలం మూత పెట్టాడు.

“మేఘా, ఈ బండి దారి మాత్రమే చూస్తుందా? లోపలి మాటలు కూడా ఉంచుకుంటుందా?”

మేఘ ముఖం పాలిపోయింది. “ఉంచుకుంటాది సార్. డ్రైవరు సీటు దగ్గర మైకు... పొద్దున్నుంచి అన్నీ...”

“అయ్యో నా తల్లీ!” అంది యశోదమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని. “దారి పొడుగునా మా కోడల్ని తిట్టుకుంటా వస్తినే!”

చుట్టూ ఉన్న జనం గొల్లున నవ్వారు. నవ్వనిది శశికళ, మునిశామప్ప, మేఘ ముగ్గురే.

“మీ కోడలి సంగతి మాకొద్దులేమ్మా,” అన్నాడు రంగనాథ. “రాగులు దాటి బండి కదిలిందే, అక్కణ్ణించి పెట్టు మేఘా.”

మేఘ శశికళ వైపు చూసింది. శశికళ మునిశామప్ప పక్కకు పోయి నిలబడింది. మేఘ వేలు మీటను తాకింది. బండి పైనున్న స్పీకరులో ముందు ఈలలు వినిపించాయి, తర్వాత ఎవరో సీటు జరిగిన చప్పుడు, ఆ తర్వాత కెంచార్లహళ్ళి నడివీధిలో అందరికీ వినబడేలా శశికళ గొంతు.

“మునిశామప్పా,” అని పిలిచింది.